టేమర్ నది దాటని గీత

ఇంగ్లండ్ పటంలో నైరుతి మూలన సముద్రంలోకి సన్నగా చొచ్చుకుపోయిన నేల కార్న్‌వాల్ కౌంటీ. ఉత్తరం, పడమర, దక్షిణం సముద్రమే. తూర్పున మాత్రం టేమర్ నది. నదికి ఇటు కార్న్‌వాల్, అటు డెవన్. పదో శతాబ్దంలో ఏథెల్‌స్టన్ రాజు ఆ నదినే పొలిమేరగా ఖాయం చేశాడని చెబుతారు. వెయ్యేళ్లుగా దాదాపు అలాగే నిలిచిన ఆ పొలిమేరను 2011లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం ఒకటి చెరిపేసినంత పని చేసింది.

డేవిడ్ కామెరాన్ నాయకత్వంలో కన్సర్వేటివ్, లిబరల్ డెమొక్రాట్ పార్టీల సంకీర్ణ ప్రభుత్వం తెచ్చిన చట్టమది. పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో సభ్యుల సంఖ్యను 650 నుంచి 600కు తగ్గించాలని, ఏ నియోజకవర్గంలోనైనా ఓటర్ల సంఖ్య జాతీయ సగటుకు ఐదు శాతం మించి అటూ ఇటూ పోకూడదని అది శాసించింది. కార్న్‌వాల్‌కు అప్పటికి ఆరు స్థానాలున్నాయి. కొత్త సగటుతో భాగిస్తే ఉన్న ఓటర్లు ఐదు స్థానాలకు ఎక్కువయ్యారు, ఆరింటికి చాలలేదు. మిగిలినవారిని నది దాటించి డెవన్ ఓటర్లతో కలపడం తప్ప, నియోజకవర్గాల హద్దులు గీసే బౌండరీ కమిషన్‌కు దారి లేకపోయింది. అలా వచ్చిందే కార్న్‌వాల్‌లోని బ్యూడ్, లాన్సెస్టన్ పట్టణాలనూ డెవన్‌లోని బిడిఫర్డ్‌నూ ఒకే నియోజకవర్గం చేయాలన్న ప్రతిపాదన. లాన్సెస్టన్ ఒకప్పుడు కార్న్‌వాల్ ముఖ్యపట్టణం. అలాంటి ఊరు పక్క కౌంటీ లెక్కలో కలిసిపోవడం అక్కడివారికి మింగుడుపడలేదు. ఆ ప్రతిపాదనకు ‘డెవన్‌వాల్’ అని పేరు పెట్టి మరీ తిట్టిపోశారు.

బిల్లు ఇంకా చర్చలో ఉండగానే, 2010లో, టేమర్ ఒడ్డునున్న సాల్టాష్ పట్టణంలో జనం సభ పెట్టారు. కౌంటీని ముక్కలు చేయొద్దన్నది వాళ్ల ఏకైక కోరిక. అధికార పక్షాల స్థానిక ఎంపీలు కూడా ఆ కోరికతో గొంతు కలపక తప్పలేదు. అది టేమర్ నదేగానీ అమెజాన్ కాదు కదా అని ప్రధాని కామెరాన్ అన్న మాట పుండు మీద కారం చల్లింది. నది దాటడం కష్టమని ఎవరూ అనలేదు. ఇంజనీరు బ్రునెల్ కట్టిన రైలు వంతెన 1859 నుంచి, రోడ్డు వంతెన 1961 నుంచి అక్కడే ఉన్నాయి. కార్న్‌వాల్ నుంచి అవతలి ఒడ్డున ఉన్న ప్లిమత్‌కు రోజూ ఉద్యోగాలకు వెళ్లొచ్చేవారు ఎందరో.

వాళ్ల బాధ వేరు. బ్రిటన్‌లో ఎంపీ అంటే చట్టసభలో చెయ్యెత్తే మనిషి మాత్రమే కాదు. బడిలో సీటు రాకపోయినా, ముసలివాళ్లకు సంరక్షణ అందకపోయినా జనం వెళ్లేది ఆయన దగ్గరికే. కార్న్‌వాల్‌లో ఈ పనులన్నీ ఒకే కౌన్సిల్ చేతిలో ఉన్నాయి. డెవన్‌లో కౌంటీ కౌన్సిల్ వేరు, దాని కింద జిల్లా కౌన్సిల్ వేరు. రెండు కౌంటీల మీద కూర్చున్న ఎంపీ ఎవరి తరఫున ఎవరితో మాట్లాడాలి? పైగా కార్నిష్ ప్రజలకు సొంత భాష ఉంది, నల్లని గుడ్డ మీద తెల్ల శిలువతో సొంత జెండా ఉంది. 2014లో బ్రిటిష్ ప్రభుత్వమే వాళ్లను జాతీయ మైనారిటీగా గుర్తించింది. ఐరోపా మండలి ఒప్పందం కింద వెల్ష్, స్కాటిష్, ఐరిష్ ప్రజలకున్న గుర్తింపే వీళ్లకూ దక్కింది. ఒక చేత్తో గుర్తింపు ఇచ్చి, రెండో చేత్తో ఆ మైనారిటీ నేలను పక్క కౌంటీకి అతికించడం ఏ న్యాయం?

అయితే ఓటర్ల లెక్కను తేలిగ్గా తీసిపారేయకూడదు. లెక్క లేకపోతే ఎంత అన్యాయం జరుగుతుందో కార్న్‌వాల్ చరిత్రే చెబుతుంది. 1821కి ముందు ఈ ఒక్క కౌంటీ నుంచి 44 మంది ఎంపీలు ఉండేవారు. కౌంటీకి ఇద్దరు, బరోలు అనే, సొంతంగా ఎంపీలను పంపే హక్కున్న 21 ఊళ్లకు ఇద్దరేసి చొప్పున. ఒకే నదికి రెండు వైపులా ఉన్న ఈస్ట్ లూ, వెస్ట్ లూ అనే చిన్న రేవు ఊళ్లు రెండూ కలిసి నలుగురిని పంపేవి. అదే కాలంలో పరిశ్రమలతో కిటకిటలాడుతున్న మాంచెస్టర్‌కు సొంత ఎంపీ ఒక్కడూ లేడు.

ఆ పాత కథలో తెలుగు నేల ప్రస్తావన కూడా ఉంది. కృష్ణా తీరపు గనుల్లో దొరికిన సుమారు 410 క్యారెట్ల ముడి వజ్రాన్ని 18వ శతాబ్దం తొలి ఏళ్లలో మద్రాసు గవర్నర్ థామస్ పిట్ కొన్నాడు. సాన పట్టించి 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు. ఆ సొమ్ముతోనే కార్న్‌వాల్‌లో బొకొనాక్ ఎస్టేటు కొన్నాడు. ఆ రోజుల్లో భూమి ఉన్న చోట ఓట్లు కూడా యజమాని మాటే వినేవి. విల్ట్‌షైర్‌లో మనుషులే లేని ఓల్డ్ సారమ్ బరో అప్పటికే పిట్ కుటుంబం గుప్పిట్లో ఉంది. అక్కడి నుంచే 1735లో ఆయన మనుమడు విలియం పిట్ కామన్స్ సభలో అడుగుపెట్టాడు, తర్వాత ప్రధాని అయ్యాడు. రాబర్ట్ క్లైవ్ కూడా 1754లో కార్న్‌వాల్‌లోని మిచెల్ అనే బరో నుంచే గెలిచాడు. ఎన్నికల పిటిషన్‌లో ఆ సీటు ఊడిపోయింది. 1755లో మళ్లీ ఓడెక్కి ఇండియాకు వచ్చాడు. రెండేళ్లకు ప్లాసీ యుద్ధం. కృష్ణా ఒడ్డున గని తవ్విన కూలీకి లండన్ సభలో ఎవరు కూర్చుంటారో తెలిసే వీలే లేదు. అతని చెమట మాత్రం అక్కడ పలుకుబడిగా మారింది.

ఆ బాగోతానికి తొలి దెబ్బ కార్న్‌వాల్‌లోనే గ్రాంపౌండ్ అనే బరోలో పడింది. లంచాలు మితిమీరడంతో 1821లో దాని రెండు స్థానాలనూ తీసేసి యార్క్‌షైర్‌కు ఇచ్చారు. 1832 సంస్కరణ చట్టంతో కార్న్‌వాల్ ఎంపీల సంఖ్య 42 నుంచి 14కు పడిపోయింది. 1918 నుంచి ఐదు స్థానాలు, 2010 నుంచి ఆరు. ఈ తగ్గింపుల్లో ప్రతి ఒక్కటీ న్యాయమైనదే. ఓటుకు ఓటు సమానం కావాలన్న సూత్రం కోసం బ్రిటిష్ కార్మికులు తరాల తరబడి పోరాడారు. దాన్ని కాదనే హక్కు కార్న్‌వాల్‌కైనా లేదు.

మరి తేడా ఎక్కడొచ్చింది? ఐదు శాతం దగ్గర. అది మరీ బిగువు. సమానత్వానికి, ఊళ్ల పొత్తుకు మధ్య రాజీ కుదిరే చోటు లేకుండా చేసింది. ఐరోపా మండలికి ఎన్నికల విషయాల్లో సలహాలిచ్చే వెనిస్ కమిషన్ 2002లో ఒక నియమావళి ఇచ్చింది. తేడా సాధారణంగా పది శాతం మించకూడదని, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప పదిహేను దాటరాదని అందులో ఉంది. ఒకేచోట నివసించే జాతీయ మైనారిటీని ఆ ప్రత్యేక పరిస్థితుల కిందే అది చెప్పింది. కార్న్‌వాల్‌కు అతికినట్టు సరిపోయే మాట.

బ్రిటన్ చట్టం మినహాయింపులు ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. ఐల్ ఆఫ్ వైట్ దీవిలో లక్షా పదివేలు దాటిన ఓటర్లున్నారు. దీవిని ప్రధాన భూభాగంతో కలపకూడదని చట్టమే చెప్పి, రెండు స్థానాలిచ్చింది. 2024 ఎన్నికల్లో ఆ రెండూ తొలిసారి ఉనికిలోకి వచ్చాయి. ఒక్కోదానిలో ఓటర్లు మామూలు కనీస పరిమితికి ఎంతో తక్కువ. స్కాట్లండ్ పశ్చిమ దీవులకైతే సుమారు 21 వేల ఓటర్లతోనే ఒక ఎంపీ ఉన్నాడు. సముద్రం అడ్డుంటే ఒప్పుకొన్న చట్టం, నది అడ్డుంటే ఒప్పుకోలేదు. దీవులకు చూపిన ఆ దయలో నాలుగో వంతు చూపినా కార్న్‌వాల్ ప్రశ్న తలెత్తేదే కాదు.

చివరికి కార్న్‌వాల్ బయటపడింది. బయటపడిన తీరు మాత్రం ఎవరూ గర్వపడేది కాదు. మొదటి పునర్విభజనను 2013లో లిబరల్ డెమొక్రాట్లు ఆపారు. ప్రభువుల సభ సంస్కరణను కన్సర్వేటివ్‌లు మధ్యలో వదిలేశారన్న కోపం దానికి కారణం. రెండోసారి 2018లో కమిషన్ నివేదిక ఇచ్చినా దాన్ని సభలో ఓటుకే పెట్టలేదు. 2020లో చట్టం మార్చి 650 స్థానాలనే ఉంచారు. ఐదు శాతాన్ని ఏడున్నరకు సడలిస్తూ ప్రభువుల సభ సవరణ చేస్తే కామన్స్ తోసిపుచ్చింది. 2023 పునర్విభజనలో సగటు 73,393 ఓటర్లు, అనుమతించిన పరిధి 69,724 నుంచి 77,062 వరకు. ఆ లెక్కలో కార్న్‌వాల్‌కు సరిగ్గా ఆరు స్థానాలు సరిపోయాయి. గీత నది దాటలేదు. పక్కనే డెవన్, సోమర్సెట్ కౌంటీల మధ్య మాత్రం దాటింది. టివర్టన్ అండ్ మైన్‌హెడ్ అనే కొత్త స్థానం రెండు కౌంటీల మీదా పరుచుకుంది. అంటే కార్న్‌వాల్‌ను కాపాడింది అంకెల అదృష్టం. వచ్చే పునర్విభజనలో ఓటర్లు కాస్త పెరిగినా తరిగినా డెవన్‌వాల్ మళ్లీ బల్ల మీదికి వస్తుంది. 2024లో ఆ ఆరు స్థానాల్లో నాలుగు లేబర్‌కు, రెండు లిబరల్ డెమొక్రాట్లకు వెళ్లాయి. 2019లో ఆరూ గెలిచిన కన్సర్వేటివ్‌లకు ఒక్కటీ మిగల్లేదు. ఈ ఎంపీలైనా చట్టంలో రక్షణ రాయించకపోతే వాళ్లను పంపిన జనానికి అన్యాయం చేసినట్టే.

ఒక విషయంలో బ్రిటన్‌ను మెచ్చుకోవాలి. 2021, 2022 సంవత్సరాల్లో కమిషన్ మూడు విడతలుగా జనాభిప్రాయం అడిగింది, బహిరంగ విచారణలు జరిపింది. తుది నివేదిక వచ్చాక దాన్ని పార్లమెంటు ఆపలేదు, మార్చలేదు. తమ సీటు కోసం గీతను జరిపే అవకాశం ఎంపీల చేతుల్లోంచి పోయింది.

తెలుగువారికి ఇదంతా పరాయి కథ కాదు. 2008లో అమల్లోకి వచ్చిన పునర్విభజన అరకు లోక్‌సభ స్థానాన్ని పాలకొండ నుంచి రంపచోడవరం దాకా నాలుగు ఉమ్మడి జిల్లాల మీద పరిచింది. 2022లో ఆంధ్రప్రదేశ్ లోక్‌సభ స్థానాల ప్రాతిపదికన 26 జిల్లాలు చేసినప్పుడు అరకును ఒకే జిల్లాగా ఉంచడం సాధ్యం కాలేదు. దాన్ని పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడదీశారు. పాలనకు పనికిరాదని ప్రభుత్వమే తేల్చిన హద్దు, ప్రాతినిధ్యానికి మాత్రం పనికొస్తుందా?

రాష్ట్రాల మధ్య లోక్‌సభ స్థానాల పంపకం ఇన్నాళ్లూ 1971 జనాభా లెక్కల దగ్గరే ఆగి ఉంది. వచ్చే పునర్విభజనలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు వస్తాయన్న వాదన ఇప్పటికే జోరుగా సాగుతోంది. ఏ ఊరు ఏ సీటులో కలుస్తుందన్నది ఎవరూ అడగడం లేదు. సాల్టాష్ జనం చట్టం కాకముందే నది ఒడ్డుకు వచ్చారు. మన మన్యం గ్రామసభలు, పంచాయతీలు, పురపాలక సంఘాలు కూడా తమ సంత, ఆసుపత్రి, కాలేజీ ఏ పట్టణంతో ముడిపడి ఉన్నాయో ఇప్పుడే తీర్మానాలుగా రాసి ఉంచాలి. ముసాయిదా వచ్చి అభ్యంతరాలు అడిగిన రోజున వాటిని కమిషన్ ముందు పెట్టాలి.