ఇస్తాంబుల్ పోయాను గానీ శ్రీకాకుళం పోలేదు

“రావిశాస్త్రి తర్వాత విశాఖ గురించి రాసిందెవరండీ?” అని పెదవి విరిచేవాళ్లలో మొన్నమొన్నటిదాకా నేనూ ఒకణ్ని. అది ఎంత దొంగమాటో విశాఖలో ఉన్నన్నాళ్లూ తెలీలేదు. ఇస్తాంబుల్‌లో తెలిసింది.

స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాక, జర్మనీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తూ దారిలో మూడ్రోజులు అక్కడ ఆగాను. ఆగింది ఒర్హాన్ పాముక్ కోసం. ఆయన ‘మ్యూజియం ఆఫ్ ఇన్నొసెన్స్’ నవల 2008లో వచ్చింది. అందులో ప్రేమికుడు దాచుకున్న వస్తువులతో, అదే పేరుతో, 2012లో ఒక పాత ఇంట్లో నిజంగానే మ్యూజియం తెరిచాడు. నవల చివర్లో ఒక టికెట్టు అచ్చేసి ఉంటుంది. పుస్తకం చూపిస్తే దాని మీద ముద్ర కొట్టి ఊరికే లోపలికి పంపుతారు. ఆ ముద్ర కోసం అంత లావు పుస్తకాన్నీ విశాఖ నుంచి మోసుకెళ్లాను. నాయిక కాల్చి పడేసిన 4,213 సిగరెట్ పీకలు గోడకి గుచ్చి ఉంటే, వాటి ముందు భక్తిగా నిలబడ్డాను.

ఆ రాత్రి లాడ్జిలో గుమాస్తా కుర్రాడు నా చేతిలో పుస్తకం చూసి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు: “మీ ఊరివాళ్ల నవల ఒకటి చెప్పండి.” ‘అల్పజీవి’ అన్నాను. ఎప్పటిదన్నాడు. 1950లలోది అన్నాను. “ఇప్పుడు రాస్తున్నవాళ్లది?”

నోరు పెగల్లేదు. రాసేవాళ్లు లేక కాదు, నేను చదవక. అట్టాడ అప్పల్నాయుడు, గంటేడ గౌరునాయుడు, మల్లిపురం జగదీశ్ ఉత్తరాంధ్ర బతుకులు రాశారు. కేరళలో పుట్టి విశాఖలో స్థిరపడిన ఎల్. ఆర్. స్వామి తెలుగులో కథలు రాశారు. వీళ్ల పేర్లన్నీ నాకు ఆవిష్కరణ సభల ఆహ్వానపత్రాల్లో తెలుసు. పుస్తకాల్లో తెలీదు.

ఇంకో సిగ్గుచేటు సంగతి. కాళీపట్నం రామారావు మాస్టారు మా విశాఖలోనే దశాబ్దాలపాటు బడిపంతులుగా పనిచేశారు. తనకొచ్చిన పురస్కారాల డబ్బుతో 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. ఎక్కడెక్కడి పాత పత్రికలో వెతికి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చారు. కాంప్లెక్స్‌లో బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. పాముక్ కోసం విమానం ఎక్కిన నేను మాస్టారి కోసం బస్సెక్కలేదు.

“మనవాళ్లు పాముక్‌లా రాస్తారా?” అంటారు మిత్రులు. చదవకుండా ఎలా తేల్చారు మరి? 1982లో పాముక్ మొదటి నవల వచ్చినప్పుడు దాన్ని కొన్నది నోబెల్ కమిటీ కాదు, టర్కీ పాఠకులు. ఊళ్లో పదిమంది కొని, చదివి, తిట్టో పొగిడో మాట్లాడితేనే రచయిత రెండో పుస్తకం రాస్తాడు.

మా ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలు పోయాయి. తర్వాత ఆ ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2021లో అదే ఫ్యాక్టరీని అమ్మేస్తామన్నారు. నేను ముప్పై ఏళ్లు అక్కడ పనిచేశాను, ఇందులో ఎన్ని నవలలున్నాయో నాకు తెలుసు. రేపెవరైనా రాస్తే ఏమవుతుంది? సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేసుకుని, సగం ఊరికే పంచుకుంటాడు. పుచ్చుకున్నవాళ్లం మంచం కింద పెట్టేసి, “ఈరోజుల్లో ఎవరు రాస్తున్నారండీ” అంటాం.

పరాయి దేశాల నవలలు చదవొద్దని కాదు. పాముక్‌ని మళ్లీ చదువుతాను. కానీ తన ఊరి రచయితని చదవనివాడు ప్రపంచ సాహిత్య పాఠకుణ్నని చెప్పుకోవడం బడాయి. ఆ బడాయి నేను చాలాకాలం పోయాను.

ఈసారి జర్మనీ వెళ్తే సూట్‌కేసులో ఒక ఆవకాయ సీసా తగ్గిస్తాను. ఆ బరువుకి మూడు తెలుగు పుస్తకాలు పడతాయి. ఇక రావిశాస్త్రి తర్వాత ఎవరని ఎవరైనా అడిగితే, నేను అడిగేది ఒక్కటే: ఈ ఏడాది ఏం కొన్నారండీ?