రంగ్‌రేజ్ ఖసూర్ ఏముంది?

చెల్లెలి నికాహ్ సూట్ మిల్లులో రంగేసిన పాలిస్టర్. దానికి జోడీగా పట్టు దుపట్టాకు ఫిరోజీ రంగు వేయించాం. రంగ్‌రేజ్ చాచా దుకాన్‌లో, ట్యూబ్‌లైట్ కింద రెండూ ఒకటే. పొద్దున అంగన్‌లో చూస్తే దుపట్టా ఆకుపచ్చగా తేలింది! అమ్మీ మజూరీలో వంద కోసేసింది. చాచా ఏమీ అనలేదు.

నన్నడిగితే అది జుల్మ్. పాలిస్టర్‌కి ఎక్కే రంగు వేరు, పట్టుకి ఎక్కేది వేరు. పడిన రోష్నీలో ఏ బట్ట ఎంత మింగుతుందో, ఎంత తిప్పికొడుతుందో దానిదే. మన కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలే. ఆ మూడింటికీ ఒకే లెక్క అందితే చాలు, ‘ఒకటే రంగు’ అనేస్తాం. ట్యూబ్‌లైట్‌లో కొన్ని రంగుల వెలుగు ఎక్కువ, కొన్ని నామ్‌కే వాస్తే. ఎండలోకి వస్తే లెక్క మారిపోతుంది. దీని పేరు మెటామెరిజం. మిల్లులవాళ్లు అందుకే ఒక పెట్టెలో దీపాలు మార్చి మార్చి చూస్తారు. పగటి వెలుగుకి డి65 అనే ప్రమాణమే ఉంది. గల్లీ చాచాకి ఆ పెట్టె ఎక్కడిది?

పగలే వెళ్లండి, గుమ్మం బయట కలిపి చూడండి. షాదీ రాత్రయితే ఫంక్షన్‌హాల్ దీపాల కిందా చూడాలి. మా వలీమా రాత్రి రెండూ మళ్లీ కలిసిపోయాయి మరి! ఆ వంద నేనే వెళ్లి చాచాకి ఇచ్చొచ్చాను. అమ్మీకి ఇంకా చెప్పలేదు.