గోల ఎవరిది?

సంగీతమేదో, గోల ఏదో తేల్చే పని మన బెంగుళూరు తెలుగు సంఘాలు ఏనాడో ముగించేశాయి. త్యాగరాజ కీర్తన, అన్నమయ్య పదం, ఘంటసాల పాట సంగీతం. మిగిలిందంతా గోల. ఈ తీర్పుతోనే నా తగాదా.

మొన్న ఉగాదికి ఒక సంఘంవారిని ఇద్దరు కుర్రవాళ్ల కోసం పది నిమిషాలు అడిగాను. ఒకడు పాత కీబోర్డూ, చవక డ్రమ్ మెషీనూ వాయిస్తాడు. రెండోవాడు గొంతు చించుకుని అరుస్తాడు. నీళ్ల ట్యాంకరు మీద, ఇంటద్దె మీద, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే బతుకు మీద పాటలు కట్టారు. ఇంట్లోనే రికార్డు చేసుకుంటారు. బరబరలు, కీచులు తుడిచెయ్యకుండా అలాగే ఉంచేస్తారు. ఈ పద్ధతిని లో-ఫై అంటారు. ‘‘మన సంస్కృతికి తగదు’’ అని సంఘంవారి జవాబు.

ఇది నిన్న పుట్టిన వెర్రి కాదు. ఆలన్ వేగా, మార్టిన్ రెవ్ అనే ఇద్దరు న్యూయార్కులో ‘సూయిసైడ్’ అనే పేరు పెట్టుకుని, 1977లో తొలి ఆల్బం తెచ్చారు. అందులో గిటారు లేదు. డ్రమ్ములు కొట్టే మనిషీ లేడు. చవక ఆర్గాను, తాళం వేసే యంత్రం, ఒక గొంతు, అంతే. 1978లో బ్రస్సెల్సు కచేరీలో జనం వేగా చేతిలోని మైకు లాక్కున్నారు. ఆట 23 నిమిషాలకే ఆగిపోయింది. ఆ రికార్డింగును ఇప్పటికీ శ్రద్ధగా వినేవాళ్లున్నారు. అంతదూరం ఎందుకు, మన బెంగుళూరులోనే ‘సల్క్ స్టేషన్’ అని ఇద్దరి జట్టు 2012లో ఆల్బం తెచ్చింది. వాళ్లది మెత్తని సంగీతం, అరుపులు లేవు. ఇద్దరు మనుషులూ కొన్ని యంత్రాలూ ఉంటే చాలునని మాత్రం ఈ ఊరికి తెలుసు.

మోత మనకు కొత్తా? అనంతపురం జిల్లా నుంచి వలస వచ్చినవాళ్లు మనలో ఎందరో! అక్కడి జాతరల్లో ఉరుములు మోగితే గుండె అదురుతుంది. ఆ వాద్యానికి పేరే ఉరుము. అది జానపద కళ అని శాలువా కప్పే చేతులే ఈ పిల్లలకు గేటు మూస్తున్నాయి.

మనం దండలు వేసే బెంగుళూరు నాగరత్నమ్మగారి సంగతి చూడండి. ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ పూర్తి పాఠాన్ని 1910లో ఆవిడ అచ్చుకు తెచ్చారు. అశ్లీలమన్నారు. ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. తిరువయ్యూరు ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వని రోజుల్లో పోరాడిందీ ఆవిడే. ఆవిడ విద్వత్తునూ ఈ కుర్రాళ్ల కేకనూ ఒకే తక్కెడలో వెయ్యటం లేదు. ‘తగదు’ అన్న మాట అప్పుడూ పెద్దమనుషుల నోటి నుంచే వచ్చిందని గుర్తు చేస్తున్నాను.

ఇరుగుపొరుగుకు ఇబ్బంది అంటారా? రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకరు వద్దని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. తప్పక పాటిద్దాం. నేనడిగింది సాయంత్రం 6 గంటలకు, హాలు లోపల, పది నిమిషాలు.

అసలు బాధ వేరే ఉంది. మన పిల్లలకు తెలుగు చదవటం రావటం లేదని ప్రతి సభలోనూ కన్నీళ్లు పెట్టుకుంటాం. ఆ ఇద్దరికీ అంతంతమాత్రమే వచ్చు. అయినా కోపం వస్తే తెలుగులో అరుస్తున్నారు. కన్నడం కలిసిన, వ్యాకరణం తప్పిన, మన వీధుల తెలుగు అది. భక్తికీ పాత సినిమాకీ తప్ప దేనికీ పనికిరాని భాషను ఏ ఇరవయ్యేళ్లవాడు మోస్తాడు? వాడి కోపానికి, వాడి అద్దె బాధకు చోటు లేకపోతే ఇంగ్లీషులో అరుస్తాడు. అప్పుడు ఆ గోల మన చెవిన పడదు. వాడూ మన గుమ్మం తొక్కడు.

నచ్చకపోతే లేచి బయటికి వెళ్లండి, ఈలలు వెయ్యండి, ఈ పత్రికకే తిట్టి రాయండి. ముందు మైకు మాత్రం ఇవ్వండి.