యంత్రానికి వర్గం లేదా?

మొన్న మా కళాశాల గోష్ఠిలో ఒక మిత్రుడు, అభ్యుదయవాదిగా పేరున్నవాడే, "యంత్రానికి వర్గం లేదు, వచ్చేది వచ్చి తీరుతుంది, మనమే అలవాటు పడాలి" అని తేల్చేశాడు. సభ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. పద్యాలకు ప్రతిపదార్థం చెప్పుకుని బతికేవాణ్ణి, ఇంజనీరును కాను. అయినా ఈ వాదం నాకు మింగుడుపడలేదు.

నాకు తెలిసిన విద్యతోనే మొదలుపెడతాను. 'రోబో' అనే మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంతో లోకానికెక్కింది. దాని మూలం 'రోబోత': భూస్వామికి విధిగా చేసిపెట్టవలసిన చాకిరి. మన పల్లెల్లో దాన్ని వెట్టి అంటారు. మనం 'మరమనిషి' అని అనువదించుకుని, ఆ వెట్టిని కాస్తా జారవిడిచాం.

ఇక యంత్రాల సంగతి. 1946-47లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఒక పద్ధతి కనిపెట్టింది. ఆరితేరిన మెషినిస్టు ఒక భాగాన్ని తన చేత్తో కోసి చూపిస్తాడు. ఆ కదలికలన్నీ అయస్కాంతపు టేపుకెక్కుతాయి. టేపు తిప్పితే యంత్రం ఆ పనినే మళ్లీ మళ్లీ చేస్తుంది. అంటే యంత్రానికి గురువు కార్మికుడన్నమాట. రెండో పద్ధతిలో గురువు ఆఫీసు గదిలో ఉంటాడు. నమూనా చిత్రాన్ని అంకెలుగా మార్చి, చిల్లుల టేపు చేసి కిందికి పంపుతాడు. వైమానిక దళం సొమ్ముతో ఎం.ఐ.టి. 1952లో దీన్ని ప్రదర్శించింది. లోహాన్ని కోసే పనిలో మొదటిది మూలబడింది. రెండోది నేటి సి.ఎన్.సి. యంత్రాలకు మూలపురుషుడయింది.

విమాన భాగాల చిక్కు వంపులు అంకెలకే బాగా లొంగుతాయన్నది నిజమే, కాదనను. మరి మామూలు భాగాల మాటేమిటి? చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ తన 1984 నాటి గ్రంథంలో ఈ ప్రశ్ననే పట్టుకున్నాడు. టేపు కార్మికుని చేతిలో తయారయితే పని వేగమూ అతని చేతిలోనే ఉంటుంది. యాజమాన్యం కోరింది సరుకొక్కటే కాదు, షాపు మీద పెత్తనం కూడా అని అతని వాదం.

అలాగని మొదటి పద్ధతిలో విముక్తి ఉందని నేను భ్రమపడను. 1960లలో నార్వేలోని ట్రాల్ఫా కంపెనీ రంగులు చల్లే రోబోను చేసింది. దానికి పని నేర్పింది పెయింటరే: దాని చేయి పట్టుకుని నడిపించాడు. ఒకసారి నేర్పాక ఆ పనితనం యంత్రంతోపాటు యజమాని సొత్తయింది. నేర్పినవాడికి దక్కిందేమిటి?

ఈ సంగతులు చెప్పడానికి ఆనాడు అధ్యక్షులవారు నాకు వ్యవధి ఇవ్వలేదు. మిత్రుడు ఈ పత్రిక తప్పక చదువుతాడు. జవాబు రాయమనండి.