దమ్ ఎక్కడ ఖర్చు పెట్టాలి?

లాంబీ రేస్ చూసేటప్పుడు మనవాళ్ల కళ్లన్నీ ఆఖరి రౌండ్ మీదే ఉంటాయి. పది వేల మీటర్ల పరుగంటే ఇరవై ఐదు రౌండ్లు. ఇరవై నాలుగు రౌండ్లు చాయ్ తాగుతూ గుఫ్తగూ చేస్తాం. గంట మోగాక లేచి కూర్చుని "అరె, ఏం దూకాడ్రా" అంటాం. ఎవడు చివర్లో దూసుకొస్తే వాడే బహాదుర్.

నేనేమంటానంటే, చాలా రేసుల ఫైసలా గంట మోగకముందే అయిపోతుంది. ఏ పద్నాలుగో రౌండ్‌లోనో, ఇరవయ్యో రౌండ్‌లోనో ఒకడు ఉన్నట్టుండి వేగం పెంచుతాడు. రెండొందల మీటర్లో, ఒక రౌండో అలా పరిగెత్తి మళ్లీ మామూలు చాల్‌కి వచ్చేస్తాడు. కాసేపటికి మళ్లీ అదే పని. దీన్ని ఇంగ్లీషువాళ్లు సర్జ్ అంటారు. నేను జోర్ అని రాస్తాను, మన ఇళ్లలో అర్థమయ్యే మాట అదే.

కొందరికి ఇది నచ్చదు. "గెలవాలనుంటే సీదాగా ఒకే వేగంతో పరిగెత్తి గెలువు, ఈ చాల్‌బాజీ ఎందుకు?" అంటారు. ఆ మాట ఇన్సాఫ్ కాదు. దేవుడు అందరికీ ఒకే రకం కాళ్లివ్వలేదు. ఒకడికి చివరి రెండొందల మీటర్లలో గుర్రం లాంటి వేగం ఉంటుంది. ఇంకొకడికి ఆ వేగం లేదు గానీ, ఊపిరి తిత్తుల్లో దమ్ ఉంది, కష్టాన్ని ఓర్చుకునే సబర్ ఉంది. ఈ రెండోవాడు మొదటివాణ్ణి ఆఖరి మలుపు దాకా పక్కనే హాయిగా తెచ్చి దించితే ఓడిపోవటం ఖాయం. మధ్యలోనే వాడి కాళ్లు విరగ్గొట్టాలి. అది ధోకా కాదు, తన దగ్గరున్న ఒకే ఒక్క హథియార్‌ని వాడుకోవటం.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్ 5000 మీటర్లు గుర్తు చేసుకోండి. మొరాకో హిషామ్ అల్ గెర్రూజ్ అసలు 1500 మీటర్ల ఉస్తాద్. కొన్ని రోజుల ముందే ఆ బంగారం గెలిచి వచ్చాడు. అలాంటివాడు చివరి దాకా పక్కనే ఉంటే ఏమవుతుందో లాంబీ పరుగుల బాద్‌షా కెనెనిసా బెకెలెకు తెలియదా? తెలుసు. కానీ రేస్ వేగం అల్ గెర్రూజ్‌ని వదిలించేంతగా పెరగలేదు. ఆఖరి నిటారు దారిలో అతను బయటికొచ్చాడు. 13 నిమిషాల 14.39 సెకన్లు. బెకెలె 13:14.59. ఐదు కిలోమీటర్ల తర్వాత ఫర్క్ 0.20 సెకను. మధ్యలో రెండు మూడు గట్టి జోర్లు పడి ఉంటే కథ వేరేలా ఉండేదేమో.

జోర్ ఎందుకు పనిచేస్తుందో కాస్త హిసాబ్‌తో చూద్దాం. ఒక రౌండ్‌ని 65 సెకన్లలో పరిగెత్తే ఇద్దరున్నారనుకోండి. ఒకడు జోర్ పెంచి పది మీటర్లు ముందుకెళ్లి, మళ్లీ 65 సెకన్ల చాల్‌కి వచ్చాడు. వెనకవాడు ఆ పది మీటర్లని వంద మీటర్లలోనే పూడ్చాలనుకుంటే 59 సెకన్ల రౌండ్ వేగంతో పరిగెత్తాలి. ఒక పూర్తి రౌండ్ తీసుకుంటే 63.4 సెకన్లు చాలు. రెండు రౌండ్లు తీసుకుంటే 64.2 సరిపోతుంది. అంటే జోర్ పెంచినవాడు ఖర్చు పెట్టేది ఒక ఎత్తు, కంగారుపడి వెంటనే అందుకోవాలనుకునేవాడు ఖర్చు పెట్టేది ఇంకో ఎత్తు. పైగా ముందున్నవాడికి తను ఎప్పుడు ఆపుతాడో తెలుసు. వెనకున్నవాడికి తెలియదు. ఆ తెలియకపోవటమే సగం మనిషిని తినేస్తుంది.

ఊపిరికి అందే వేగం ఒకటుంటుంది. దాన్ని దాటిన ప్రతి పరుగూ కర్జా. సూద్ హరామ్ అని మనకు తెలుసు గానీ, శరీరానికి ఆ మస్లా తెలియదు. అది సూద్‌తో సహా వసూలు చేస్తుంది, అదీ సరిగ్గా ఆఖరి రౌండ్లలో.

దీనికి పాఠం లాంటి రేస్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జరిగింది. సోవియట్ నావికాదళం మనిషి వ్లాదిమిర్ కూట్స్, ఇంగ్లండ్ గోర్డన్ పిరీ. అదే ఏడాది జూన్‌లో బెర్గెన్‌లో 5000 మీటర్లలో పిరీ కూట్స్ వెనకాలే నీడలా పరిగెత్తి, చివర్లో దాటేసి, 13:36.8తో ప్రపంచ రికార్డు పెట్టాడు. కూట్స్‌కి సబక్ దొరికింది. వీణ్ణి చివరి దాకా తీసుకెళ్లకూడదు.

మెల్‌బోర్న్‌లో 10,000 మీటర్ల రేస్‌లో కూట్స్ ఒకసారి జోర్ పెంచాడు, పిరీ అందుకున్నాడు. మళ్లీ పెంచాడు, మళ్లీ అందుకున్నాడు. ఇలా ఎన్నిసార్లో. ఆఖరికి ఇరవయ్యో రౌండ్ ప్రాంతంలో కూట్స్ పక్కకి జరిగి, వేగం తగ్గించి, పిరీని ముందుకి పోనిచ్చాడు. అతని ముఖం ఒక్కసారి చూశాడు. వీడిలో ఇంకేమీ మిగల్లేదని అర్థమైంది. మళ్లీ జోర్ పెంచి వెళ్లిపోయాడు. కూట్స్ 28:45.6తో బంగారం పట్టుకెళ్తే, అంతసేపు రెండో స్థానంలో ఉన్న పిరీ ఎనిమిదో స్థానానికి జారిపోయాడు.

ఈ కిస్సా చెప్పినప్పుడు అందరూ కూట్స్‌ని వాహ్ వాహ్ అంటారు. నా కళ్లు పిరీ మీదే ఉంటాయి. అతనికి హిమ్మత్ తక్కువై ఓడిపోలేదు. ప్రతి జోర్‌కీ జవాబు ఇవ్వాలనే జిద్ వల్ల ఓడిపోయాడు. అవతలివాడు రాసిన రేస్‌ని తాను పరిగెత్తాడు. హిమ్మత్, జిద్ రెండూ ఒకటేనన్న గలత్‌ఫహమీ మన ఇళ్లలో బాగా ఉంది. అందుకే ఇంత ఖులాసాగా రాస్తున్నాను.

జవాబు ఇవ్వకపోవటం కూడా ఒక జవాబే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ 10,000 మీటర్లలో ఉగాండా స్టీఫెన్ కిస్సా మొదట్లోనే ఒంటరిగా ముందుకెళ్లిపోయాడు. పెద్ద గుంపు అతని వెంట పోలేదు. పోనీలే అన్నట్టు తమ చాల్‌లో తాము పరిగెత్తింది. కిస్సా రేస్ పూర్తి చేయలేకపోయాడు. ఇథియోపియా సెలెమోన్ బరెగా బంగారం గెలిచాడు, కిస్సా దేశస్తులు జాషువా చెప్టెగీ, జేకబ్ కిప్లిమో రజతం, కాంస్యం తీసుకున్నారు.

2024 పారిస్‌లో సిఫాన్ హసన్ చేసిందైతే మన ఆడపిల్లలకి కూర్చోబెట్టి చూపించాల్సింది. అప్పటికే 5000లో కాంస్యం, 10,000లో కాంస్యం. రెండు రోజులైనా తిరక్కుండానే మారథాన్. పారిస్ దారి ఎగుడుదిగుడు. ఎత్తు ఎక్కేచోట ముందువాళ్లు జోర్ పెంచితే ఆమె వాళ్లతో పోటీపడి ఎక్కలేదు. కాస్త వెనకబడింది, మెల్లగా మళ్లీ వచ్చి కలిసింది. ఎవరికీ ఏమీ నిరూపించాల్సిన పని లేనట్టు ఖామోష్‌గా పరిగెత్తింది. ఆఖరి మలుపులో ఆమెకీ ఇథియోపియా టిగ్స్ట్ అసెఫాకీ భుజాలు తగిలాయి. ఫిర్యాదు వెళ్లింది, ఫైసలా మారలేదు. 2:22:55తో హసన్ గెలిచింది, అసెఫా మూడు సెకన్లు వెనక. మెడల్ తీసుకోవటానికి హిజాబ్ వేసుకుని వచ్చింది. ఆ ఫోటో మన ఫోన్లన్నింటిలో తిరిగింది. ఫోటోతో పాటు ఆ నలభై రెండు కిలోమీటర్ల సబర్ కూడా తిరిగి ఉంటే బాగుండేది.

మరి జోర్ పెంచే హక్ ఎవరికుంది? తయారైనవాడికి. మైదానంలో అప్పటికప్పుడు పుట్టే జోష్ కాదిది. స్వీడన్‌వాళ్లు 1930లలోనే ఫార్ట్‌లెక్ అనే తాలీమ్ మొదలుపెట్టారు. వేగంతో ఆట అని అర్థం. కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా, ఆగకుండా పరిగెత్తుతూనే తేరుకోవటం శరీరానికి అలవాటు చేస్తారు. కీలకమంతా ఆ ఆఖరి మాటలోనే ఉంది. జోర్ పెంచటం ఎవడికైనా వస్తుంది. పెంచాక ఆగిపోకుండా, నడవకుండా, మామూలు వేగంలోనే ఊపిరి సర్దుకోవటం నేర్చుకున్నవాడికే అది పనికొస్తుంది.

జాషువా చెప్టెగీనే చూడండి. 2017 మార్చిలో కంపాలాలో ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలు. తన దేశం, తన జనం, ఎండ, అరుపులు. కుర్రాడు ముందుకి దూసుకెళ్లిపోయాడు, బంగారం చేతికొచ్చినట్టే కనిపించింది. ఆఖరి రౌండ్‌లో కాళ్లు తేలిపోయాయి. మొదటి స్థానం నుంచి ముప్పయ్యో స్థానానికి పడిపోయాడు. అదే మనిషి 2024 పారిస్‌లో పది వేల మీటర్లు పరిగెత్తాడు. ఇథియోపియా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి వేగం పెంచుతుంటే వెనకే ఉండి, చివర్లో మాత్రమే ముందుకొచ్చి 26:43.14తో ఒలింపిక్ రికార్డు పెట్టాడు. ఏడేళ్లలో కాళ్లు మారలేదు. ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసింది.

ఒక హద్దు మాత్రం ఉండాలి. 1992 బార్సిలోనాలో మొరాకో ఖాలిద్ స్కాహ్, కెన్యా రిచర్డ్ చెలిమో బంగారం కోసం పోరాడుతుంటే, ఒక రౌండ్ వెనకబడిపోయిన మొరాకో హమ్మూ బూతయెబ్ వాళ్లిద్దరి మధ్యలోకొచ్చి చెలిమో దారికి అడ్డంపడ్డాడు. స్కాహ్ గెలిచాడు, అనర్హుడన్నారు, తర్వాత మెడల్ తిరిగి ఇచ్చారు. స్టేడియం మాత్రం ఈలలేసి తిట్టింది. ముస్లిం దేశం వాడని మనం దాన్ని వెనకేసుకు రానక్కర్లేదు. రేస్‌లో ఉన్నవాడు తన దమ్‌తో జోర్ పెంచితే అది హిక్మత్. రేస్ అయిపోయినవాడు ఇంకొకడి దారికి అడ్డం పడితే అది నాఇన్సాఫీ. రెండింటినీ ఒకే గాటన కట్టటం వల్లే జోర్‌కి కూడా చెడ్డపేరు.

ఇప్పుడు అసలు మక్సద్‌కి వస్తాను. మన పేటల్లో పొద్దున ఫజర్ అయ్యాక కాలేజీ మైదానాల దగ్గరకి వెళ్లి చూడండి. ఒలింపిక్స్ కోసం కాదు, పోలీసు కొలువు కోసం పిల్లలు పరిగెత్తుతుంటారు. తెలంగాణలో 2022 రిక్రూట్‌మెంట్‌లో మగపిల్లలకి పెట్టింది 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. చాలామంది పిల్లలు దీన్నే రేస్ అనుకుంటారు. పక్కవాడు జోర్ పెంచితే వీడూ పెంచుతాడు. దోస్తులు గేటు దగ్గర నిలబడి "భాగ్ భాగ్" అని అరిస్తే ఇంకా పెంచుతాడు. మొదటి రౌండ్ ఎనభై సెకన్లలో కొట్టేసి, మూడో రౌండ్‌లో నడుం పట్టుకుని నిలబడతాడు.

అయ్యా, అక్కడ ముకాబ్లా పక్కవాడితో కాదు, గడియారంతో. పక్కవాడు ముందొచ్చినా, వెనకొచ్చినా టైమ్‌లోపు గీత దాటితే ఇద్దరూ పాస్. నువ్వు జోర్ పెంచావని గడియారం భయపడదు, కంగారుపడదు, అలసిపోదు. ఎదుటివాణ్ణి విరగ్గొట్టటానికి పుట్టిన హథియార్‌ని అక్కడ వాడితే విరిగేది నీ నడుమే. నాలుగు రౌండ్లు, ఒక్కొక్కటి ఒక నిమిషం నలభై ఐదు సెకన్లు. మొత్తం ఏడు నిమిషాలు. ఇంకా పదిహేను సెకన్లు నీ జేబులోనే ఉంటాయి. ఈ బరాబర్ చాల్‌ని కొన్ని వారాలు గడియారం పెట్టుకుని సాధన చేస్తే చాలు. పక్కవాడు దూకితే దూకనివ్వు.

ఇది చిన్న మాట కాదు. ఆ పదిహేను సెకన్ల మీద ఒక ఇంటి అద్దె, ఒక చెల్లి చదువు, ఒక అబ్బా ఆటో కిస్తీ ఆధారపడి ఉండొచ్చు. ఒక నోటిఫికేషన్ పోతే ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలియదు, వయసు మాత్రం ఆగదు. మైదానంలో దమ్ తోడినవాణ్ణి చూసి "వీడికి తాకత్ లేదు" అంటారు. చాలాసార్లు తాకత్ ఉంటుంది, హిసాబే ఉండదు.

అందుకే పెద్దవాళ్లకి నా గుజారిష్ ఒకటే. పిల్లల్ని పరుగుకి పంపేటప్పుడు మొదట ఒక ప్రశ్న వేయండి: "బేటా, ఈరోజు నీ ముకాబ్లా మనిషితోనా, గడియారంతోనా?" మనిషితో అయితే, వేగం లేనివాడు మధ్యలో జోర్ పెంచటం నేర్చుకోవాలి, అవతలివాడి జోర్‌కి కంగారుపడకుండా ఒకటి రెండు రౌండ్లలో మెల్లగా అందుకోవటం నేర్చుకోవాలి. గడియారంతో అయితే అరవకండి. గేటు దగ్గర వాచీ పట్టుకుని నిలబడండి, ప్రతి రౌండ్‌కీ ఎన్ని సెకన్లో మెల్లగా చెప్పండి. మీ "భాగ్ భాగ్" కంటే ఆ అంకె వాడికి ఎక్కువ పనికొస్తుంది.