ముక్క చూసి పందెం కాసే మహానుభావులకు

ముందే చెబుతున్నా, ఇది చదివితే మా శనివారం పేకాట బ్యాచ్‌లో సగంమంది నా మీద కత్తులు నూరతారు. నూరితే నూరనివ్వండి. హోల్డెమ్ టోర్నమెంట్లలో మన సాఫ్టువేరు జనం ఫ్లాప్ తర్వాత పందెం కాసే తీరు చూస్తే, వీళ్ళు ఇంజినీరింగులో ప్రాబబిలిటీ పేపరు ఎలా గట్టెక్కారా అని అనుమానం వస్తుంది.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. హోల్డెమ్‌లో చేతిలో రెండు ముక్కలు, బల్లమీద అందరికీ కలిపి ఐదు. మొదట ఒకేసారి తెరిచే మూడే ఫ్లాప్. తర్వాత టర్న్, రివర్ ఒక్కొక్కటి. ప్రతిసారీ పందెం కాయొచ్చు, ఎంతైనా కాయొచ్చు. చిక్కంతా ఆ "ఎంతైనా" దగ్గరే.

మనవాళ్ళ పద్ధతి ఇది. మంచి ముక్కలు పడితే "వాణ్ణి తోలెయ్యాలి" అంటూ పాట్ మొత్తం కాస్తారు. అంతంతమాత్రం అయితే మూడోవంతు. ఏమీ లేకపోతే చెక్. గంటసేపు ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడు మీ ముక్కలు చూడక్కర్లేదు, మీ చిప్పులు లెక్కపెడితే చాలు!

ఈ రోగం ఎక్కడిదో నాకు తెలుసు. మూడుముక్కలాట. సంక్రాంతికి ఊళ్ళో చాపేసుకుని ఆడే ఆ ఆటలో ఇంకో ముక్క వచ్చేది లేదు. ఉంటే పెంచు, లేకపోతే పడెయ్. 1967లో సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య నడిచిన సికింద్రాబాదు క్లబ్బు కేసులో, రమ్మీ మూడుముక్కలాటలాగా పూర్తిగా అదృష్టం ఆట కాదనీ, ప్రధానంగా నైపుణ్యం ఆటనీ చెప్పింది. పోకరూ నైపుణ్యమేనని గొంతు చించుకునేది మనమే కదా! మరి ఆ నైపుణ్యం ఎక్కడుందండీ? ముక్కలు పంచేది మనం కాదు. ఆడాలా మానాలా, ఆడితే ఎంత కాయాలి... మన చేతిలో ఉన్నది అంతే. ఆ రెండో దాన్ని కూడా ముక్కకే అప్పజెప్పేస్తే ఇక మనం ఆడుతున్నది మూడుముక్కలాటే.

అసలు పందెం అంటే ఎదుటివాడికి మీరు చెప్పే ధర. మూడోవంతు పాట్ కాస్తే, కాల్ చెయ్యడానికి వాడికి 20 శాతం గెలిచే అవకాశం ఉంటే చాలు. సగం కాస్తే 25, మూడింట రెండొంతులు కాస్తే దాదాపు 29, పాట్ మొత్తం కాస్తే 33. ఇక మీ వైపు నుంచి చూడండి. చేతిలో ఏమీ లేకుండా మూడోవంతు కాస్తే, నూటికి 25 సార్లు వాడు పడేస్తే మీకు గిట్టుబాటు. సగానికి 33, పాట్ మొత్తానికి 50. ఇది ఆరో తరగతి భిన్నాల లెక్క, రాకెట్ సైన్సేం కాదు.

ఒక ఉదాహరణ. బ్లైండ్లు 500, 1,000. పెద్ద బ్లైండ్ కట్టే యాంటీ 1,000. మీ దగ్గర 24,000. మీరు 2,200కి పెంచారు, మీకంటే ఎక్కువ చిప్పులున్న పెద్ద బ్లైండ్ ఒక్కడే కాల్ చేశాడు. పాట్ 5,900, మీకు మిగిలింది 21,800. ఫ్లాప్‌లో రాజు, ఏడు, రెండు. మూడూ మూడు గుర్తులు.

జత కాని రెండు ముక్కలకి ఫ్లాప్‌లో మూడింట రెండుసార్లు ఏమీ తగలదు. ఈ ఫ్లాప్‌లో ఫ్లష్‌కి ఆశ లేదు, స్ట్రెయిట్‌కీ లేదు. 5,900కి పడేసే చేతుల్లో చాలావరకు 2,000కే పడేస్తాయి. రాజు ఉన్నవాడు రెంటికీ కాల్ చేస్తాడు. మరి 2,000తో అయ్యే పనికి 5,900 ఎందుకయ్యా? వాడు మళ్ళీ పెంచి మీరు పడెయ్యాల్సి వస్తే, మొదటి దారిలో 19,800 మిగులుతాయి, రెండో దారిలో 15,900.

"మరి నాకు ఏడుల సెట్ పడితే? మొత్తం లాగాలి కదా, అందుకే పెద్దగా కాస్తా" అంటాడొకాయన. లెక్క చూడండి. ఫ్లాప్‌లో 3,000 కాయండి. కాల్ చేస్తే పాట్ 11,900, మీకు మిగిలేది 18,800. టర్న్‌లో 6,100. పాట్ 24,100, మిగిలింది 12,700. రివర్‌లో ఆ 12,700 తోసెయ్యండి, అదీ పాట్‌లో సగం పైచిలుకే. మూడుసార్లు సుమారు సగం కాస్తేనే చివరి చిప్పు దాకా లోపలికి వెళ్ళిపోయింది. హడావుడిగా పాట్ మొత్తం కాసి, డబ్బిచ్చేవాణ్ణి గుమ్మం దగ్గరే తరిమేసుకోవడం దేనికి?

ఇప్పుడు ఫ్లాప్ మార్చండి. ఆటీను తొమ్మిది, ఆటీను ఎనిమిది, కళావరు ఆరు. వాడి చేతిలో రెండు ఆటీన్లు ఉన్నాయనుకోండి. ఇంకో ఆటీను వచ్చే అవకాశం టర్న్‌లో 19 శాతం, రెండు ముక్కల్లో కలిపి 35. ఇక్కడ మూడోవంతు కాస్తే టర్న్ ముక్క ఒక్కదానికే వాడికి ధర ఇంచుమించు సరిపోతుంది, తగిలితే ఆపైన ఇంకా లాగుతాడు. మూడింట రెండొంతులు కాస్తే 29 అడుగుతున్నట్టు. టర్న్‌లో మళ్ళీ కాస్తారు కాబట్టి ఒకే ధరకి రెండు ముక్కలూ చూడలేడు. అయితే ఇలాంటి ఫ్లాప్ పెద్ద బ్లైండ్ ఆడే చిన్న ముక్కలకే బాగా తగులుతుంది. అంచేత ఇక్కడ కాస్తే పెద్దగా కాయాలి, కానీ ప్రతిసారీ కాయకూడదు. గమనించారా? సైజు మార్చింది బల్లమీది మూడు ముక్కలు, మీ చేతిలోవి కావు. కాసేటప్పుడు ఆసుల జత ఉన్నా, ఒట్టి బ్లఫ్ అయినా సైజు అదే.

"పుస్తకంలో సగం పాట్ అన్నారుగా" అనేవాళ్ళు ఇంకో రకం. నిజమే, 2004లో వచ్చిన డాన్ హారింగ్టన్ పుస్తకం సగం పాట్ చుట్టూ కంటిన్యుయేషన్ బెట్ నేర్పింది. ఆ రోజులకి అదే గొప్ప మేలు. 2015లో పయోసాల్వర్ లాంటి సాఫ్టువేర్లు వచ్చాక, పొడి ఫ్లాపుల్లో తక్కువ కాసి ఎక్కువసార్లు కాయడం లాభమని అందరికీ తెలిసింది. పాత వెర్షన్ కోడుని ప్రొడక్షన్లో వదిలేస్తే ఊరుకుంటారా మీరు?

ఇంతకంటే పెద్ద పొరపాటు, టోర్నమెంట్ చిప్పుని డబ్బనుకోవడం. నలుగురు మిగిలారు, అందరికీ 2,500 చిప్పులు. బహుమతులు 500, 300, 200 డాలర్లు. నాలుగోవాడికి సున్నా. ఒక్కొక్కరి వాటా విలువ 250. మీరు ఆలిన్ వేసి రెట్టింపు చేసుకున్నారనుకోండి, 500 అవుతుందా? కాదు, 383. 1973లో డేవిడ్ హార్విల్ ఇచ్చిన సంభావ్యతల సూత్రంతో వేసే లెక్క ఇది. గెలిస్తే వచ్చేది 133, ఓడితే పోయేది 250. అంటే సగానికి సగం అవకాశం చాలదు, 65 శాతం కావాలి. ఇలాంటిచోట ఒక మోస్తరు చేతికి పాట్ మొత్తం కాసి ఇరుక్కోవడం కంటే తెలివితక్కువ పని లేదు. చిన్న పందెం వెనక మీ మిగతా చిప్పులు కనబడుతూనే ఉంటాయి, ఎదుటివాడికి ఆ భయం చాలు.

"ఇవన్నీ తెలిసినోళ్ళ మీద పనిచేస్తాయి, మా బల్లమీద అందరూ కాల్ చేస్తారు" అని చివరి అస్త్రం ఒకటుంది. ఒప్పుకుంటా. ఎప్పుడూ పడెయ్యనివాడి మీద బ్లఫ్ మానేసి, మంచి చేతికి ఎక్కువ కాయండి. కానీ అది ఎదుటి మనిషిని చూసి వేసిన లెక్క. వాడు లేచిపోయి ఇంకొకడు వచ్చి కూర్చుంటే మార్చాల్సిన లెక్క. మీరు మారుస్తున్నారా?

అన్నట్టు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా ఒకటేనని దేశమంతటికీ ఆ తలుపు మూసేసింది. కాబట్టి ఈ గోల ముఖ్యంగా ఏడాదికోసారి వేగాస్ వెళ్ళి వందల డాలర్ల ఎంట్రీ కట్టే ఎన్నారై మిత్రుల కోసం. మొదటి రెండు గంటల్లోనే బయటికొచ్చి "బ్యాడ్ లక్ బాస్" అంటారే, వాళ్ళ కోసం. బాబూ, అందులో లక్ ఎంతో, మీరు చేతులారా చేసుకున్నది ఎంతో ఒక్కసారైనా విడదీసి చూశారా?

ఈసారి చిప్పు ముట్టుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పాట్ ఎంత, నా దగ్గర మిగిలింది ఎంత, ఈ ఫ్లాప్ ఎవరికి తగిలింది, ఇప్పుడు ఓడితే బహుమతిలో పోయేది ఎంత. ఐదో ప్రశ్న, నా చేతిలో ఏముంది అన్నది, సైజు తేల్చుకున్నాక చూద్దురుగాని. కాదంటారా? సంతోషం, లెక్కతో రండి. "నా అనుభవంలో" అని మాత్రం మొదలెట్టకండి :)