పంపే ముందు ఒక్క మాట

ఎండాకాలం వస్తే పాలమూరు పల్లెల్లో మంచాలు ఆరుబయటికి వస్తాయి. వాకిళ్లలో, మిద్దెల మీద పడుకుని జనం బాగా పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటారు. 2018 వేసవి మొదట్లో జోగులాంబ గద్వాల జిల్లాలో ఊళ్లు తిరిగిన కానిస్టేబుళ్లకు ఆ మంచాలు కనిపించలేదు. చీకటి పడేసరికి తలుపులు బిగించుకుని, ఉక్కపోతలోనే లోపల పడుకుంటున్నారు. ఏమిటని ఆరా తీస్తే వాట్సాప్ బయటపడింది. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయట, అవయవాలు కోసుకుపోతున్నాయట. కావాలంటే చూడండని వీడియోలు.

ఆ ఏడాది ఆ భయం దేశంలో చాలాచోట్ల ప్రాణాలు తీసింది. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడలో, ఊరూరా తిరిగి భిక్షాటన చేసుకునే సంచార కులం వాళ్లు ఐదుగురు అలాగే చనిపోయారు. వాళ్లలో ఎవరూ ఏ బిడ్డనూ ఎత్తుకెళ్లలేదు.

అప్పట్లో చేతులు మారిన వీడియోల్లో ఒకదాని పుట్టుక తెలుసుకోవాలి. బైకు మీద ఇద్దరు వస్తారు, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఒకడు ఎత్తుకుంటాడు, బైకు వెళ్లిపోతుంది. అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన ప్రచార చిత్రం. అసలు దాంట్లో బైకు వెనక్కి తిరిగి వస్తుంది, పిల్లాణ్ని దింపుతారు, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండమని రాసిన అట్ట చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్కను కోసేశారు. పిల్లల మేలు కోసం తీసిన చిత్రం మనుషుల్ని చంపడానికి పనికొచ్చింది. 2013లో సిరియాలో విషవాయువుకు బలైన పసివాళ్ల ఫొటోలు కూడా మన దగ్గర అపహరణకు గురైన పిల్లలవిగా తిరిగాయి.

వీడియోను కోసింది ఎవరో మనకు తెలియదు. దాన్ని ఇంటింటికీ చేర్చినవాళ్లు మాత్రం చాలావరకు మంచివాళ్లే. మేనమామ, చిన్నప్పటి స్నేహితుడు, పక్కింటి అక్క. పిల్లలు జాగ్రత్త అని ప్రేమతోనే పంపారు. చిక్కంతా అక్కడే ఉంది. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి ఇదే మాట చెబితే మనం నమ్మం. పెదనాన్న పంపితే నమ్ముతాం. నమ్మేది వీడియోను కాదు, పెదనాన్నను. బంధువు అప్పుకు హామీ సంతకం పెట్టమంటే పదిసార్లు ఆలోచిస్తాం. ఫోన్‌లో వచ్చిన మాటను ముందుకు తోసినప్పుడు కూడా మనం హామీ ఉంటున్నాం. బాధ్యతగా ఫోన్ వాడడమంటే గంటలు లెక్కపెట్టుకోవడం ఒక్కటే కాదు. మన మాట మీద ఇంకొకరికి ఉన్న నమ్మకాన్ని కాపాడుకోవడం అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం.

గద్వాలలో ఆ తర్వాత జరిగింది గుర్తుపెట్టుకోదగ్గది. అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లకు ఊళ్లు అప్పగించారు. వాళ్లు గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. ఊరి నడుమ డప్పు మోగించి, తెలిసిన బాణీల్లో పాటలు కట్టి, ఏది నిజమో ఏది పుకారో చెప్పారు. అనుమానం వస్తే అడగడానికి పేరు తెలిసిన మనిషి ఒకరు ఊరికి దొరికారు. గద్వాల, వనపర్తి జిల్లాల్లో 400కు పైగా గ్రామాల్లో ఆ పుకారు ఒక్క ప్రాణమూ తీయలేకపోయింది. నమ్మినవాళ్లను ఎవరూ ఎగతాళి చేయలేదు, ‘చదువులేని జనం’ అని తీసిపారేయలేదు. వాళ్ల భయాన్ని భయంగానే చూసి, పక్కన కూర్చుని మాట్లాడారు.

వాట్సాప్ కూడా దిద్దుబాట్లు చేసింది. 2018 జులైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. చాలా చేతులు మారి వచ్చిన సందేశమైతే ఒక్కసారికి ఒక్క చాట్‌కే వెళ్లేలా 2020 ఏప్రిల్‌లో మార్చింది. అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని కంపెనీయే తర్వాత చెప్పింది. కొంచెం అడ్డు పెడితేనే అంత తగ్గిందంటే, అందులో ఎంత భాగం తొందరలో వెళ్లిపోయినదో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు భయం ఇంకో రూపంలో వస్తోంది. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో రిటైరైన తండ్రి ఒక్కరే ఉంటారు. వీడియో కాల్ వస్తుంది, అవతల పోలీసు యూనిఫాం. మీ పేరు మీద పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయి, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, కెమెరా ముందు నుంచి కదలొద్దు, ఎవరికైనా చెబితే వాళ్లనూ కేసులో ఇరికిస్తాం అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ఇదే విషయం దేశానికంతటికీ చెప్పారు. అయినా జీవితమంతా దాచుకున్న సొమ్ము పోగొట్టుకుంటున్నవాళ్ల వార్తలు ఆగడం లేదు.

పుకారు అందరికీ చెప్పెయ్యమంటుంది. ఈ దొంగ ఎవరికీ చెప్పొద్దంటాడు. ఇద్దరికీ కావలసింది మాత్రం ఒకటే, విన్నవాళ్లు పక్కనున్న ఇంకో మనిషిని ఒక్క మాట అడగకపోవడం.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఒక విషయం ఒప్పుకోవాలి. అమ్మానాన్నలు కుటుంబం గ్రూపులో ఏ వంటింటి వైద్యమో, ఏ పాత అబద్ధమో పంపినప్పుడు మనం ఎలా జవాబిస్తున్నాం? ‘ఇలాంటివి నమ్ముతావా నాన్నా’ అని అందరి ముందూ అనేస్తాం. నవ్వుతున్న బొమ్మలు పెడతాం. ఆయన మళ్లీ పంపడు, నిజమే. కానీ రేపు ఆ వీడియో కాల్ వచ్చిన వేళ మనకు చెప్పడు కూడా. తిడతారనీ నవ్వుతారనీ జంకుతాడు. దొంగ చెప్పొద్దన్న మాటకు మన చిన్నచూపే బలం చేకూరుస్తుంది. తప్పు వార్త పంపిన పెద్దవాళ్లకు గ్రూపులో కాకుండా విడిగా ఫోన్ చేసి, అది ఎందుకు నిజం కాదో నెమ్మదిగా చెబితే రెండు పనులూ జరుగుతాయి. పుకారు ఆగుతుంది, మన మీద వాళ్ల నమ్మకమూ నిలుస్తుంది.

చదువుతున్న మీకు ఒక విన్నపం. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930ని పెద్దవాళ్ల ఫోన్‌లో సేవ్ చేయించండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే ఆ నంబరుకు చేస్తే, అది చేతులు మారకముందే బ్యాంకులు ఆపగలిగే అవకాశం ఉంటుందని చెప్పండి. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడని చెప్పండి. ఎవరు ఏమని బెదిరించినా, అర్ధరాత్రయినా సరే, ముందు మీకు ఫోన్ చేయమనండి. విసుక్కోబోమని వాళ్లకు మాటివ్వండి.